కొండకి ఒక అర్జీ

క్రితం నెల మన వనభోజనాలు వాన మూలంగా హాల్లో జరిగిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఈ దేశంలో వనం దొరకడం కష్టం కాదు, ఎండ దొరకడమే కష్టం. పులిహోర గిన్నె దగ్గర నిలబడి ఉండగా, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక సోదరి మా పక్కకి వచ్చి గొంతు తగ్గించి, "మా వాడు పార కొనిపెట్టమంటున్నాడండీ, ఏం చెయ్యమంటారు?" అన్నారు. కుర్రవాడికి పద్నాలుగేళ్ళు. ఫోను అడిగాడంటే అర్థం ఉంది, బూట్లు అడిగాడంటే అర్థం ఉంది. పార ఎందుకు?

విచారించగా తేలిందేమిటంటే, ఆ కుర్రవాడూ, వాడి ఐరిష్ స్నేహితులు నలుగురూ, మనవాళ్ళ పిల్లలు మరో ఇద్దరూ కలిసి కొండ వాలున చెట్ల మధ్య సైకిళ్ళకి ఒక దారి వేసుకున్నారు. మట్టి పోగుచేసి గెంతడానికి దిబ్బలు కట్టారు. మలుపుల దగ్గర గట్లు లేపారు. మూడు వారాల పాటు బడి అయ్యాక ఇదే పని. నాలుగో వారం వెళ్ళి చూస్తే దిబ్బలన్నీ చదునైపోయి ఉన్నాయి, దారికి అడ్డంగా దుంగలు పడి ఉన్నాయి. చేసిందెవరైనా వారిని తప్పు పట్టడానికి లేదు. అనుమతి లేకుండా ఇంకొకరి అడవిలో తవ్వడం తప్పే. పిల్లవాడు మాత్రం మళ్ళీ తవ్వుతానని కూర్చున్నాడు. అందుకూ పార.

"సైకిలు తొక్కుకోవడానికి రోడ్డు లేదా నాన్నా?" అని ఆవిడ అడిగితే, "అది వేరు, ఇది వేరమ్మా" అన్నాడట. ఏది వేరో, ఎందుకు వేరో తెలియక ఆవిడ మమ్మల్ని అడిగారు. మాకూ తెలియదు. ఇంటికి వచ్చాక కూడా ఆ పార మా బుర్రలోంచి పోలేదు. అంచేత ఈ నెల శీర్షిక దాని గురించే.

టాలట్‌లో ఉండే మనకి కొండల్ని కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. వంటింటి కిటికీలోంచి కనబడతాయి. పొద్దున్నే గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అన్నది వాటి మీది మబ్బు చూసే నిర్ణయిస్తాం. ముందు వరసలో 383 మీటర్ల మాంట్‌పెలియర్ కొండ. దాని నెత్తిన 1725 ప్రాంతంలో విలియం కొనలీ కట్టించుకున్న వేట బంగళా, ఇప్పుడు అందరూ హెల్ ఫైర్ క్లబ్ అనే పాడుబడ్డ రాతి కట్టడం. వెనక 757 మీటర్ల కిప్యూర్. మధ్యలో డాడర్ నది దిగివచ్చే గ్లెనస్మోల్ లోయ. యౌవన లోకంలో మూడు వందల ఏళ్ళు గడిపి తిరిగొచ్చిన ఓషీన్ ఈ లోయలోనే, రాయి ఎత్తబోతున్నవాళ్ళకి సాయపడదామని గుర్రం మీంచి వంగితే జీను పటకా తెగి కింద పడ్డాడనీ, పడ్డ క్షణంలోనే పండు ముసలివాడయ్యాడనీ ఇక్కడి పురాణ కథ. సవారీ మీంచి పడ్డం ఈ కొండలకి కొత్తేమీ కాదన్నమాట.

ఇన్నేళ్ళూ వాటిని మనం గోడ మీది కాలెండరు బొమ్మలాగే చూస్తూ వచ్చాం. ఇండియా నుంచి అమ్మా నాన్నా వస్తే కారులో పైదాకా తీసుకెళ్ళి, నాలుగు ఫొటోలు తీసి, చలి అని దింపేస్తాం. దానికీ కారణం ఉంది. మనకి కొండ అంటే దేవుడు. తిరుమల, సింహాచలం, శ్రీశైలం, యాదగిరిగుట్ట. అలిపిరి నుంచి 3,550 మెట్లు కాళ్ళు పట్టేసేదాకా ఎక్కినవాళ్ళం. కొండ ఎక్కడం మనకి తెలుసు. కొండ దిగడం ఒక ఆట అని మాత్రం మనకెవరూ చెప్పలేదు. అందుకే పిల్లవాడు సైకిలు మీద కొండ దిగుతానంటే మన చెవికి అది పిచ్చిపనిలా వినబడుతుంది.

చూడకుండా రాయడం సబబు కాదని, కిందటి శనివారం ఆ కుర్రవాణ్ణీ వాళ్ళ అమ్మగారినీ వెంటబెట్టుకుని టిక్‌నాక్ అడవికి వెళ్ళేము. డబ్లిన్ కొండల్లో సైకిళ్ళకని పనిగట్టుకుని కట్టి, అందరికీ తెరిచి ఉంచిన దారి అక్కడ ఉంది. అడవి ప్రభుత్వ అటవీ సంస్థ అయిన క్వీల్చది. పిల్లవాడు హెల్మెట్ బిగించుకుని చెట్లలోకి మాయమయ్యాడు. ఆవిడ మొహంలో రంగు పోయింది. పావుగంటకి కింద మలుపు దగ్గర తేలాడు. ఒళ్ళంతా బురద, పళ్ళు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి. "ఇంకొక్కసారి మామయ్యగారూ!" అని మళ్ళీ ఎక్కడం మొదలెట్టాడు. ఇంట్లో గది తలుపు వేసుకుని ఫోను చూసుకునే పిల్లవాడూ, ఊపిరి అందక రొప్పుతూ కొండ ఎక్కుతున్న ఈ పిల్లవాడూ ఒకడేనా అని ఆవిడ ఆశ్చర్యపోయారు. మేము వేరే విషయానికి ఆశ్చర్యపోయాం. ఆ దారి కట్టిన పద్ధతికి.

మా వృత్తి ఇంజనీరింగు కనుక ఆ నాలుగు ముక్కలూ చెప్పకుండా ఉండలేం, పాఠకులు మన్నించాలి. కొండ దారికి పెద్ద శత్రువు సైకిలు కాదు, నీరు. నిట్టనిలువుగా కిందికి దారి వేస్తే వాన కురిసినప్పుడల్లా అదే వాగవుతుంది. మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి, పక్కనుంచి జనం ఇంకో దారి చేస్తారు, రెండేళ్ళకి కొండ మీద బండి వెడల్పు గాయం తయారవుతుంది. అంచేత తెలిసినవాళ్ళు దారిని వాలుకి అడ్డంగా, పాములా తిప్పుతారు. దారి వాలు పక్క కొండ వాలులో సగం మించకూడదనీ, సగటున నూటికి పది దాటకూడదనీ ఒక లెక్క. దారిని బయటి అంచు వైపు కొద్దిగా వాలుస్తారు. అక్కడక్కడా దిగుతున్న దారిని కాస్త పైకి లేపి మళ్ళీ దింపుతారు, నీరు ఆ పల్లంలో పక్కకి జారిపోయేందుకు. మన పొలం గట్లకి గండి ఎక్కడ పెట్టాలో తాతలు చూసినట్టే. పైన రాయి పరిచి దిమ్మిసతో గట్టిపరిస్తారు. అప్పుడు ఏడాదికి ఎన్ని చక్రాలు తిరిగినా కొండకి హాని తక్కువ.

కష్టాన్ని బట్టి దారికి రంగు గుర్తు ఉంటుంది: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. ఏ రంగు తన స్థాయికి సరిపోతుందో చూసుకుని పిల్లవాడు దిగుతాడు. ఇద్దరు ఎదురెదురుగా రాకుండా దారి ఒకే దిశలో సాగుతుంది. నడిచేవాళ్ళకి దారి వేరు.

ఇప్పుడు మన కుర్రాళ్ళు వేసిన దారి సంగతి చూడండి. నిలువు దారి. దిబ్బ కిందే చెట్టు వేరు. దిగేచోటు బుడద గుంట. వాళ్ళ తప్పు కాదు, నేర్పినవారు లేరు. కొండకీ హాని, ఎముకలకీ హాని. మనలో ఎముకల డాక్టర్లకి దీని మీద వేరే వ్యాసం రాసేంత అనుభవం ఉంది.

మరి టిక్‌నాక్ ఉండగా ఆ తవ్వడం ఎందుకంటే, జవాబు తేలిక. అది మనకి దూరం. పదీ పన్నెండు కిలోమీటర్లు కారున్నవాళ్ళకి దూరం కాదు. ఇద్దరికీ ఆసుపత్రి డ్యూటీలు, శనివారం ఒకరు నైటు చేసి పడుకుంటే ఒకరు పొద్దున్నే పోవాలి, ఇంటికి ఒకే కారు. అప్పుడు కుర్రవాడు ఎలా వెళ్ళాలి? మామూలు సైకిలుతో బస్సెక్కనివ్వరు, లువాస్‌లోనూ అంతే. మడతపెట్టే సైకిలుకే చోటు. రద్దీ రోడ్డు మీద, ఎత్తు మీదికి తొక్కుకుంటూ పోవాలి. ఆ రోడ్డు మీద పంపడం కన్నా అడవిలో గెంతనివ్వడమే నయమని ఏ తల్లయినా అనుకుంటుంది. నడిచేవారికి చూస్తే 2010లో షాంకిల్ నుంచి టాలట్ దాకా 43 కిలోమీటర్ల డబ్లిన్ మౌంటెన్స్ వే తెరిచారు. అది మన పార్కు గుమ్మంలోకి వచ్చి ఆగుతుంది. సైకిలు పిల్లవాడికి అలాంటి గుమ్మం లేదు.

ఈ సంగతి అడగడానికి మంచి సమయం ఇదే అని మేము ఎందుకంటున్నామంటే, ఈ కొండల మీది అడవుల పని మారుతోంది. చాలాకాలం అవి కలప తోటలు. వరసలుగా నాటడం, నలభై ఏళ్ళకి మొత్తం నరికేయడం. 2020లో క్వీల్చ డబ్లిన్ చుట్టుపక్కల తొమ్మిది అడవుల్ని, దాదాపు 900 హెక్టార్లు, కలప కోసం కాక ప్రజల విహారానికీ జీవజాలానికీ నిర్వహిస్తామని ప్రకటించింది. వీలైనచోట మొత్తం నరకకుండా, కొంచెం కొంచెంగా పలచబరిచి దేశవాళీ చెట్లు పెంచుతారు. హెల్ ఫైర్ అడవి, మాసీ వుడ్, టిక్‌నాక్ ఆ తొమ్మిదిలోవే. ప్రజల కోసం అడవి అన్నప్పుడు ఆ ప్రజల్లో పద్నాలుగేళ్ళవాళ్ళు ఉన్నారా లేదా అన్నదే మా ప్రశ్న. మాట్లాడ్డానికి ఒక వేదిక కూడా ఉంది. 2008లో ఏర్పడిన డబ్లిన్ మౌంటెన్స్ పార్ట్‌నర్‌షిప్‌లో క్వీల్చ, మన సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిలు, ఇరుగుపొరుగు కౌన్సిళ్ళు, జాతీయ పార్కుల శాఖ కలిసి కూర్చుంటాయి.

"దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులు?" అని ఒక పెద్దాయన హాల్లోనే మమ్మల్ని నిలదీశారు. న్యాయమైన ప్రశ్న, దారులు రాకపోవడానికి సగం కారణం ఆ భయమే. ఇక్కడి 1995 చట్టం ప్రకారం ఊరికే విహారానికి వచ్చినవాడి పట్ల భూస్వామి బాధ్యత స్వల్పం: కావాలని హాని చెయ్యకూడదు, తెలిసి తెలిసి నిర్లక్ష్యం చెయ్యకూడదు, అంతే. కాని వాళ్ళ కోసమే ఒక వంతెనో మెట్లో కట్టి పెడితే దాన్ని భద్రంగా ఉంచవలసిన పూచీ వేరే ఉంది. విక్లో కొండల్లో ఒకావిడ చెక్కల బాట మీద తట్టుకుని పడితే 2016లో కింది కోర్టు 40,000 యూరోలు ఇమ్మంది. కొండల శాఖల వారందరూ గుండె పట్టుకున్నారు. 2017లో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కొండ మీద నడిచేవారు కాళ్ళ కింద చూసుకోవాలంది. 2023లో చట్టాన్నే సవరించి, ఇష్టపూర్వకంగా ప్రమాదానికి ఒప్పుకుని వచ్చినవారి విషయంలో యజమాని పూచీని ఇంకా తగ్గించారు. కనుక భయం అన్నది ఇప్పుడు పూర్వమంత బలమైన సాకు కాదు.

ఇంకో పక్షం మాట కూడా చెప్పాలి. నడిచేవాళ్ళకి మలుపులో హఠాత్తుగా సైకిలు ఎదురైతే హడలు. పైన పీట్ నేల స్పంజిలాంటిది, ఒకసారి చీలితే మానదు. మెర్లిన్ అనే చిన్న డేగ లాంటి పక్షులు ఆ పైభాగాల్లో నేల మీద గూడు కడతాయి. గ్లెనస్మోల్‌లో 1880ల్లో కట్టిన బోహర్నబ్రీనా జలాశయాలు ఉన్నాయి. మంచినీళ్ళ చెరువు గట్టున సైకిలు ఆట అడగడం మర్యాద కాదు, మేము అడగం. మేము అడిగేది కింది వాలుల్లో, ఇప్పటికే రోడ్లూ కార్ల పార్కులూ ఉన్న చోట, తెలిసినవారి చేత కట్టించిన దారి. దారి కట్టకపోతే సైకిళ్ళు ఆగిపోతాయనుకోవడమే అసలు పొరపాటు. ఎక్కడ పడితే అక్కడ తిరుగుతాయి. మన కుర్రవాడి పార అందుకు సాక్ష్యం.

ఈ గొడవ మనతో మొదలవలేదు. కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ కుర్రాళ్ళు 1976లో పాత సైకిళ్ళ మీద కొండ దిగే పందేలు పెట్టుకోవడంతో ఈ ఆట పుట్టింది. పదేళ్ళలో ఎన్నో బాటల మీద సైకిళ్ళని నిషేధించారు. అప్పుడు తొక్కేవాళ్ళు 1988లో సంఘంగా కూడి, పోట్లాట పక్కన పెట్టి, పారలూ గునపాలూ పట్టుకుని పాడైన దారుల్ని అధికారుల అనుమతితో తామే బాగుచేయడం మొదలెట్టారు. మేము పైన చెప్పిన వాలు లెక్కలు వాళ్ళు జనంలోకి తెచ్చినవే. అదే పార, అనుమతి కాగితం ఒక్కటే తేడా.

ఈ దేశంలోనూ చెయ్యలేనిదేం కాదు. లిమరిక్, కార్క్ సరిహద్దున బాలీహౌరాలో తొంభై కిలోమీటర్లకి పైగా దారులున్నాయి. స్లీవ్ బ్లూమ్ కొండల్లో గ్రామీణాభివృద్ధి నిధి సాయంతో 2020లో కొత్త దారులు తెరిచారు. ఊళ్ళ బాగు కోసం, యాత్రికుల కోసం కట్టారు, సంతోషం. కాని పిల్లలు వేలల్లో ఉన్న టాలట్ నుంచి అక్కడికి పోవాలంటే కారులో గంట పైన. మా పిల్లలు యాత్రికులు కారు; బడి నుంచి వచ్చి అన్నం తిని, హోంవర్కుకి ముందు గంటసేపు తొక్కుకునే రకం.

కట్టడంతో పని అయిపోదని కూడా ముందే అనుకోవాలి. వేల్సులో కోయెడ్ ఎ బ్రెనిన్ అని, బ్రిటన్‌లో ఈ ఆటకని కట్టిన మొట్టమొదటి కేంద్రం, 1990ల నాటిది. డబ్బు చాలక అక్కడి సంస్థ 2025 మార్చి ఆఖరున దాని సందర్శకుల భవనాన్నీ హోటలునీ మూసేసింది. దారులు తెరిచే ఉంచారు, కాని తడిసి వచ్చిన పిల్లకి వేడి చాక్లెటు లేకుండా పోయింది. మన ఇంట్లో ఆడవాళ్ళని అడిగి చూడండి, కొండకి ఎందుకు రారో. మొదటి మాట మరుగుదొడ్డి గురించే ఉంటుంది. అంచేత మా అర్జీలో మలుపులూ దిబ్బలూ తరవాత. ముందు మరుగుదొడ్డి, కొళాయి, బురద కడుక్కునే చోటు, శనాదివారాలు సైకిలు ఎక్కించుకునే బస్సు. దారి మలుపులకి నంబరు పలకలు కూడా కావాలి. ఎవరైనా పడితే 112కి ఫోను చేసి ఎక్కడున్నారో చెప్పగలగాలి. డబ్లిన్ విక్లో మౌంటెన్ రెస్క్యూ వారు స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు, వాళ్ళని చీకట్లో అడవంతా వెతికించడం న్యాయం కాదు. కింద పార్కుల్లో చిన్నపిల్లలకి పంప్ ట్రాక్, అంటే తొక్కకుండా ఒంటి ఊపుతోనే తిరిగే ఎగుడుదిగుడు గుండ్రపు బాట, ఉన్నచోట పెంచాలి, లేనిచోట వెయ్యాలి. ఆడపిల్లలు మొదలుపెట్టేది అక్కడే అని మేము విన్నాం, కన్నాం కూడా. మన డాన్సు క్లాసు పిల్ల ఒకతె ఆ కుర్రాళ్ళందరి కన్నా బాగా తొక్కుతుంది.

ఇంతా విని, "మనకెందుకులెండి, వీసా మీద ఉన్నవాళ్ళం" అన్నారు ఆ సోదరి భర్త. ఈ మాట హాల్లో చాలామంది మనసులో మాటే. ఒకప్పుడు మాదీ అదే. అందుకే చెబుతున్నాం: ఈ దేశంలో కౌన్సిలు ఎన్నికల్లో ఓటు వెయ్యడానికి పాస్‌పోర్టు రంగు అడగరు. పద్ధెనిమిదేళ్ళు నిండి ఇక్కడ నివాసం ఉంటే చాలు, పి.పి.ఎస్. నంబరుతో పేరు నమోదు చేసుకోవచ్చు. నిలబడనూ వచ్చు. 2024 జూన్ ఎన్నికల్లో మన కౌంటీకి 40 మంది సభ్యులు ఎన్నికయ్యారు. ఆనాడు మన సంఘంలో ఎంతమంది ఓటు వేశారని హాల్లో చేతులెత్తమంటే, పులిహోర పట్టుకోని చేతులు ఏడు లేచాయి.

మాంట్‌పెలియర్ కొండ మీద సందర్శకుల కేంద్రం కట్టాలని కౌన్సిలు తలపెట్టినప్పుడు స్థానికులు ఎర్ర ఉడతల దగ్గర్నుంచి కార్ల రద్దీ దాకా ఎంత వాదించారో ఇక్కడ పాతకాపులకి గుర్తుండే ఉంటుంది. 2020లో అనుమతి వచ్చింది. అవుననీ కాదనీ ఉత్తరాలు రాసినవాళ్ళలో మన సంఘం వాళ్ళు ఒక్కరూ లేరు. మాతో సహా. కిటికీలోంచి కనబడే కొండ గురించి మనకి ఏ అభిప్రాయమూ లేకపోయింది. కౌన్సిలు పార్కులో ఏదైనా కట్టదలిస్తే ముందు నక్షా జనం ముందు పెట్టి అభిప్రాయం అడుగుతుంది. రాయడానికి పైసా ఖర్చు లేదు. ఇంగ్లీషు వ్యాకరణం చూసి మార్కులు వెయ్యరు. ఎవరి ఇల్లు ఎక్కడ, పిల్లలెందరు, వారానికి ఎన్నిసార్లు కొండకి పోతారు, ఎలా పోతారు అన్న నాలుగు ముక్కలే వాళ్ళకి పనికొచ్చేవి.

అర్జీ ముసాయిదా మేము రాసి ఉంచాం. వచ్చే నెల సమావేశంలో భోజనాలకి ముందే (తరవాతయితే ఎవరూ ఆగరని అనుభవం) చదువుతాం. సంతకాలు పెట్టేవారు తమ కౌన్సిలరు పేరు తెలుసుకుని రండి. పిల్లల్ని తప్పక తీసుకురండి. దారి ఎక్కడ కావాలో పటం మీద గీసేది వాళ్ళే. అనుమతితో దారుల మరమ్మతుకి వెళ్ళే స్వచ్ఛంద సేవకుల్లో ఎవరైనా చేరదలిస్తే అదే రోజు పేర్లివ్వవచ్చు. పదహారేళ్ళ లోపువారితో పెద్దలు రావాలి.

పార మాత్రం కొన్నారు. ఆ సోదరే వెళ్ళి మంచిది చూసి కొన్నారు. స్వచ్ఛంద సేవ రోజు వచ్చేదాకా దాన్ని బయటికి తీయకూడదని తల్లీకొడుకుల ఒప్పందం. ప్రస్తుతం వాళ్ళ పెరట్లో మెంతికూర మడి పక్కన నిలబెట్టి ఉంది. కుర్రవాడు రోజూ దానికేసి ఒకసారీ, కిటికీలోంచి కొండకేసి ఒకసారీ చూస్తున్నాడని నిన్న ఫోనులో చెప్పారు.